దమ్ము చక్రాలు

తాళం ఇటియ్యి మౌర్యా.
ముందు బండి చుట్టూ ఒకసారి తిరగనీ.

వెనక టైర్లు చూసినావా, జానెడున్నర వెడల్పు.
ఎండలో అదే బలం,
వానలో అదే తెప్ప.
గాడిలో రూపాయి బిళ్ళ నిలబెట్టినా,
అంచు కూడా సరిగ్గా మునగలా.
రొయ్యలమ్మి మీ నాయన కొన్న ఇంత బండికి
ఈ పొద్దు ఆయువు
ఆ రెండు మిల్లీమీటర్ల రబ్బరే.

నాలుగొందల గుర్రాలంటావు.
నేను గుర్రం ఎక్కలేదబ్బయా.
అల్లూరు చెరువు కింద పదేళ్ళు దమ్ము చేసినా,
ఇనపచక్రాలు తగిలించిన ట్రాక్టరుతో.
వెనకచక్రం ఒట్టినే తిరగడం మొదలుపెట్టినాక
ఎంత తొక్కితే అంత గుంట తవ్వుకుంటాది.
తొక్కేవాడికి కోపమొస్తాది,
బురదకి రాదు.

కావలి దాకా నేను తోల్తా. నువ్వు నా కాలు చూడు,
రోడ్డు కాదు.

వాన మొదలైన పది నిమిషాలు మాట్లాడించొద్దు.
ఎండాకాలమంతా తాగిన డీజిలూ ఆయిలూ
రోడ్డు అప్పుడే కక్కుతాది.
ఆ ముందు లారీ ఐసునీళ్ళు కార్చుకుంటా పోతుండాది,
ఎడం ఇయ్యి. ఇంకా ఇయ్యి.
లారీలు అరగదొక్కిన జాడల్లో నీళ్ళు నిలుస్తాయి,
గట్టు మీద నడిచినట్టు ఆ రెంటి మధ్యలో పో.
తెల్లగీత మీద గ్యాసు ఇయ్యొద్దు,
పెయింటు, సబ్బు, రెండూ ఒకటే దీనికి.
ఆ బటన్ జోలికి పోవద్దు. బండి తనంతట తాను
పట్టుకుంటానంటుంటే వద్దనేదానికి మనమెవరం?

ముసునూరు టోల్‌గేటు దాటి టీ తాగినాం.
గ్లాసు పట్టుకున్న నీ చెయ్యి వణకడం
చలికేననుకుందాం.

ఇంక నువ్వు కూర్చో.

ఉలవపాడు మామిడితోటలు
వానలో నల్లగా వెనక్కి పోతుండాయి.
ఎనభై మీదే పోతుండావు, బాగానే ఉండాది.
మన్నేరు వంతెన అతుకు టకామని మోగింది.
అవతల డివైడరు పక్కన మడుగు.
నేను చూసినా. నువ్వు అద్దంలో
వెనకొచ్చే బస్సుని చూస్తుండావు.

స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది,
బరువు దింపేసిన కావడి లాగా.
ఇట్లాంటిది ముందు నడుముకి తెలుస్తాది,
కంటికి తరవాత.
తోక కుడికి జారింది.

నీ కాలు బ్రేకు వైపు పోయింది.
పోయి,
ఆగింది.

తొట్టిలో బిడ్డ కన్నుమూసేటప్పుడు
ఊపే చెయ్యి ఎట్లా మానుకుంటాదో,
ఠక్కున వదిలితే లేచి ఏడుస్తాదని
కొంచెం కొంచెంగా మానుకుంటాది చూడు,
అట్లా లేచింది నీ కాలు.
చేతులు కుడికి తిరిగినాయి, తోక పోయిన వైపుకే.
నువ్వు గన్నేరు మొక్కల్ని చూడలేదు,
చూసుంటే వాటిల్లోకే పోయుండేవాళ్ళం.
ఎక్కడికి పోవాల్నో అక్కడ చూసినావు.
దూరంగా, సింగరాయకొండ వైపు,
వాన పలచబడిన చోట.

తోక తిరిగొచ్చింది. కొంచెం ఎక్కువే వచ్చింది,
మళ్ళీ సర్దినావు.
బస్సువాడు హారన్ కొట్టి పోయినాడు,
వాడికేం తెలుసు.

చాలాసేపు వైపర్లే మాట్లాడినాయి.

నీకు చెప్పని మాటొకటుండాది.
నాకు ఈ పని నేర్పిన ఖాజావలి
బుచ్చిరెడ్డిపాళెం రోడ్డులో, ఇట్లాంటి వానలోనే,
నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మలుపు తిప్పినాడు.
ఆ పొద్దు బ్రేకు తొక్కింది ఆయనే,
నేర్పినాయనే.
కాలవ గట్టు ఎక్కి, ముందు చక్రాలు గాల్లో పెట్టుకుని,
బీడీ వెలిగించుకుని అన్నాడు:
"నోటికొచ్చినంత తొందరగా కాలికి రాదురా."

హేచరీ గేటు కాడ బండాపి
తాళం నాకిచ్చి నేల చూపులు చూసినావు.
"నాన్నకి చెప్పొద్దు పెంచలయ్య మామా."

ఏముండాది చెప్పేదానికి?
మన్నేరు కాడ నీ కాలు నాకంటే బాగా చేసింది.
అది నీ దగ్గిరే ఉంచుకో.

టైర్ల సంగతి మాత్రం చెప్తా.
ఇదో, ఈ రూపాయి కూడా చూపిస్తా.